పిడి మీద నీలం టేపు

దశరథం, బోల్టును లెక్క ప్రకారం బిగించే టార్క్ రెంచి పిడి తిప్పి గీతను వంద దగ్గరికి తెచ్చాడు. మొనను బల్ల మీది మీటరు గుంతలో కూర్చోబెట్టి మెల్లగా లాగాడు. టక్‌మంది. మీటరు మీద నూట ఆరు. నూట నాలుగు దాటితే రెంచి ఫెయిలు.

నెలలుగా మండుతున్న కడుపు చల్లబడ్డట్టయింది. ఇది సుభాషిణి నిన్న పాస్ చేసిన రెంచి.

సూరత్ ఉధ్నాలో రెంచిలు సరిచూసే ఆ షాపులో దశరథానిది పందొమ్మిదేళ్ల బల్ల. సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల ఫిట్టరుగా ఇక్కడికి వచ్చినవాడు. ఈ పని ఎవరూ నేర్పలేదు. మీటరు పొడవు కడ్డీకి పది కిలోల తూకం వేలాడదీసి, బిగువంటే ఏమిటో చేతికి నేర్పుకున్నాడు. వడోద్ నుంచి వచ్చే సుభాషిణికి అదంతా తనే చెప్పాడు. పోయినేడు లాక్‌డౌన్‌లో ఊరికి పోయి ఎనిమిది నెలలు ఇరుక్కున్నాడు. తిరిగొచ్చేసరికి సర్టిఫికెట్ల మీద సంతకం ఆమెదైంది. గిరాకీలు గుమ్మంలోనే "బెన్ లేరా?" అని ఆ అక్కనే అడుగుతున్నారు. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలిసేలా పిడికి నీలం టేపు చుట్టి ఇస్తుందట. చెయ్యి పెట్టే చోటు చూపింది తనే. టేపు ఆలోచన మాత్రం తనకు రాలేదు. అదే ఎక్కువ మండుతుంది.

"సేఠ్, యే ఫెయిల్ హై!" అని షాపు యజమానికి వినిపించేలా అరిచాడు. ఈ తప్పు తేలితే సంతకం మళ్ళీ తనదే.

కౌంటర్ దగ్గర ఉమాకాంత్ ఉలిక్కిపడ్డాడు. ఆ రెంచి కోసం కిమ్ ఊరి ఆక్సిజన్ ప్లాంటు నుంచి వచ్చిన మనిషి. "ఏంది కాకా గిట్లంటవ్? కొత్త పైపు బోల్టులు దీనికోసమే ఆగినయ్. ఆసుపత్రోళ్లు సిలిండర్ల కోసం గేటు కాడనే ఉన్నరు."

సుభాషిణి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎన్నిసార్లు గుంజినవ్ కాకా?"

"ఎన్నేంది? ఒక్కసారికే నీ పనితనం బయటపడ్డది."

ఆమె గొంతు తగ్గించింది. "బిగువు తీసి పెట్టిన రెంచి అది. మొదట్ల ఎక్కువ జూపుతది, ఐదుసార్లు ఫుల్లుగ గుంజినంకనే లెక్క వెట్టాలె. నువ్వే చెప్పినవ్ గద."

"మాస్కు కండ్లకు గూడ కట్టుకున్నవా కాకా?" అన్నాడు ఉమాకాంత్.

మాస్కు వెనక దశరథం ముఖం వేడెక్కింది. సేఠ్‌కు తెలుగు రాదు. "క్యా హువా?" అంటూ లేచి వస్తున్నాడు. సుభాషిణి దశరథం వైపే చూస్తూ నిలబడింది.

దశరథం గీతను చివరి అంకె రెండు వందలకు పెంచి ఐదుసార్లు లాగాడు. మళ్ళీ వందకు దించాడు. నూట ఒకటి. వంద. నూట ఒకటి. నీలం టేపు మీద తన వేళ్లు సరిగ్గా కూర్చున్నాయి. అదీ గిట్టలేదు.

"మేరీ గల్తీ, సేఠ్," అన్నాడు. "ఇస్‌కా కామ్ బరాబర్ హై."

సేఠ్ నవ్వి ఆమెనే మెచ్చుకున్నాడు. దశరథం తల ఎత్తకుండా పిడి వెనక్కి తిప్పి బిగువంతా తీశాడు. రెంచిని పెట్టెలో పడుకోబెట్టి, సుభాషిణి సంతకమున్న కాగితాన్ని మడిచి మీద పెట్టి ఉమాకాంత్ చేతికిచ్చాడు.

"ముందుగాల ఐదుసార్లు గుంజు. చెయ్యి కొసకు పోనియ్యకు, ఆ టేపు మీదనే ఉంచు," అన్నాడు.