మావ చూసుకున్న ప్రింట్ హెడ్డు

మంగళవారం పొద్దున్న షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. మావ భార్య. ఆవిడని నేను అత్తా అంటాను. "మీ మావ ఎల్లిపోనాడు బావూ," అంది. ఆ రోజు ఆయనకు డయాలసిస్ ఉంది. ఆసుపత్రికని చొక్కా తొడుక్కుని, ఆటో కోసం అరుగు మీద కూర్చుని, కూర్చున్నచోటే ఒరిగిపోయాడట.

ఆయన నాకు చుట్టం కాదు. పలాసలో నేను పనిచేసే ఫ్లెక్సు షాపులో మిషను ఆయన చేతిలో ఉండేది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు కూర్చి ఇస్తాను. పదకొండేళ్లు పక్కపక్కన పనిచేశాం. యజమానితో సహా అందరూ ఆయన్ని మావా అనే పిలిచేవారు. ఆయనకు మేమంతా అల్లుళ్లం.

మీరు రోడ్డు మీద చూసే ఫ్లెక్సుల వెనక ప్రింట్ హెడ్డు అనే చిన్న భాగం ఒకటి ఉంటుంది. రంగును చిమ్మేది అదే. దాని అడుగున కంటికి ఆనని రంధ్రాలు వరసగా ఉంటాయి. అందులో ఒక్కటి మూసుకుపోయినా బొమ్మ మీద ఈ చివర నుంచి ఆ చివరికి సన్నటి తెల్ల గీత పడుతుంది. మావ పనంతా ఆ గీత పడకుండా చూడటమే.

అంతకుముందు ఆయన జీడి ఫ్యాక్టరీలో మోటార్లు, పంపులు బాగుచేసేవాడు. పదో తరగతి దాటలేదు. మా షాపులో చేరిన కొత్తలో నెలకోసారైనా హెడ్డు మొరాయించేది. ఆయన వారం రోజులు ఏమీ ముట్టుకోకుండా మిషను చుట్టూ తిరిగాడు. ఆ తర్వాత గుమ్మానికి తడి గోనెసంచుల తెర కట్టాడు. జీడిపిక్కలు కాల్చే పొగ, రోడ్డు దుమ్ము లోపలికొచ్చి రంగులో పడుతున్నాయన్నాడు. రంగు ట్యాంకుకీ హెడ్డుకీ మధ్య ఇంకో ఫిల్టరు వేశాడు. పని లేనప్పుడు హెడ్డు ఆనుకుని ఉండటానికి స్పాంజితో మెత్త చేసి, దాన్ని రంగు కడిగే మందుతో తడిపి ఉంచేవాడు.

అన్నిటికన్నా పెద్ద బాధ కరెంటు. హెడ్డులోని రంగు తన బరువుకి తాను కారిపోకుండా ఒక చిన్న పంపు ఎప్పుడూ గాలి లాగుతూ ఉంటుంది. కరెంటు పోతే పంపు ఆగుతుంది, రంగు కారుతుంది, కారింది అడుగున ఎండి రంధ్రాలను మూసేస్తుంది. మావ ఆ ఒక్క పంపు కోసం విడిగా ఒక బ్యాటరీ పెట్టాడు. విశాఖ నుంచి వచ్చిన కంపెనీ ఇంజనీరు దాన్ని చూసి, "ఇదెవరు పెట్టారు?" అన్నాడు.

"నానే బావూ. మీ ఊర్లో కరెంటు పోదేటి?"

ఇంజనీరు నవ్వి, ఫోన్‌లో దానికి రెండు ఫొటోలు తీసుకుని వెళ్లాడు.

రోజూ పొద్దున్నే హెడ్డు పరీక్షకి నాలుగు రంగుల్లో జానెడు పట్టీ తీసేవాడు. ప్రతి రంధ్రానికీ ఒక చిన్న గీత. రానిచోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పట్టీని నోటుబుక్కులో అంటించేవాడు. పండగైనా, బందైనా బస్సెక్కి వచ్చి పట్టీ తీసి వెళ్లేవాడు.

"ఈయేల ఎవులొత్తారు మావా, రేపు తీద్దువులే," అంటే వినేవాడు కాదు.

"హెడ్డుకి సెలవు నేదురా అల్లుడా. నీకుంది, నాకుంది, దానికి నేదు."

ఆయన కిడ్నీలు పోయాయని తెలిసినప్పుడు షాపులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఉద్దానంలో ఆ మాట వినని ఇల్లు లేదు. ఆయన అన్న కూడా దానితోనే పోయాడు. వారానికి మూడు రోజులు డయాలసిస్ అన్నారు. ఆ రోజుల్లో పట్టీ తీసే పని నాకు అప్పగించాడు. "నాను రాని రోజు నువ్వే సూడాల. మరిసిపోకు," అన్నాడు. నేను మరిచిపోలేదు. మూడేళ్లు ఒక్క రోజు కూడా మరిచిపోలేదు.

ఒకసారి ఆయనతో ఆసుపత్రికి వెళ్లాను. ఆయన మంచం మీద పడుకుని, తల తిప్పి, పక్కనున్న మిషన్నే చూస్తున్నాడు. పంపు ఎలా తిరుగుతోంది, ఫిల్టరు ఎన్నాళ్లకు మారుస్తారు అని నర్సుని అడిగాడు. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది.

"మంచి మిషనే," అన్నాడు నాతో. "బాగానే కడగతంది. నాలోదే మూసుకుపోనాది. నానబెట్టి తీసీది కాదు కదా."

"తగ్గిపోద్దిలే మావా," అన్నాను.

"నువ్వు బొమ్మలు సెయ్యి, అబద్దాలు సెప్పకు."

ఆ తర్వాత ఆయన ముందు నేను ఆ మాట అనలేదు. ఆయన కాళ్లు ఉబ్బడం, చొక్కా వదులవడం, మెట్టు దగ్గర ఆగి గోడ పట్టుకోవడం చూస్తూ ఉండేవాణ్ని. చూడటం తప్ప చేసేదేమీ ఉండేది కాదు.

మంగళవారం ఫోన్ రాగానే యజమానికి చెప్పాను. "ఇంటి మనిషి పోనాడు. మూడు రోజులు షట్టర్ దించీండి, మెయిన్ స్విచ్చి కూడా కట్టీండి. దీపం కూడా ఎలగకూడదు," అన్నాడు. మా బజారులో అది మర్యాద. మెయిన్ ఆపింది నేనే. షట్టర్‌కి తాళం వేసి, అందరం ఆటోల్లో మావ ఊరికి వెళ్లాం. దహనం, చుట్టాలు, మూడో రోజు పనులు. ఒక్కరికీ మిషను గుర్తు రాలేదు. నాకూ రాలేదు.

నాలుగో రోజు తాళం తీస్తే గోనెతెర అట్టలా ఎండి ఉంది. పంపు బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. హెడ్డు కింద నల్ల రంగు కారి తారులా గడ్డకట్టింది. స్పాంజి గోరుతో గీస్తే పొడి రాలింది. మెయిన్ వేసి పట్టీ తీశాను. మొత్తం పంతొమ్మిది గీతలు లేవు. ఎర్ర పెన్ను తీసుకున్నాను కానీ చుట్టలేకపోయాను.

పదకొండో రోజు కార్యానికి ఆయన బొమ్మతో ఫ్లెక్సు కావాలి. అత్త దహనం రోజునే అడిగింది, ఆయన మిషను మీదే తీయమని. ఆవిడ మమ్మల్ని అడిగింది అదొక్కటే.

వారం రోజులు హెడ్డుతోనే కూర్చున్నాను. మందులో ముంచిన గుడ్డ మడత మీద దాన్ని ఆనించడం, ఆగడం, పట్టీ తీయడం. సిరంజితో గట్టిగా తోస్తే కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని శాశ్వతంగా పోతాయి. "తొయ్యకు, నాననీ," అనేవాడు మావ. నానబెట్టాను. పంతొమ్మిది పన్నెండయ్యాయి, తొమ్మిదయ్యాయి, ఏడయ్యాయి. ఏడు దగ్గర ఆగిపోయాయి. విశాఖ ఇంజనీరుకి ఫోన్ చేస్తే, "ఎండిపోయాక ఇంక రావండీ. హెడ్డు మార్చుకోవాల్సిందే," అన్నాడు.

కార్యానికి ముందురోజు ఏడు తెల్ల గీతలతోనే ఫ్లెక్సు తీశాను. ఒకటి నుదుటి మీద, రెండు చెంపల మీదుగా, మిగతావి చొక్కా మీద పడ్డాయి. యజమాని చూసి, "ఇదేటి కడతాం? టెక్కలిలో తీయించి తెచ్చీ," అన్నాడు. టెక్కలిలో తీయించాను. శుభ్రంగా వచ్చింది. రెండూ చుట్టి ఊరికి తీసుకెళ్లాను.

ఆ ఇంటికి వెళ్లినవాళ్లకు తెలుసు. పశువుల పాకకీ, స్నానాల తడికకీ, పిక్కలు ఆరబోసే కళ్లానికీ అన్నిటికీ ఫ్లెక్సులే. గీత పడి షాపులో పక్కన పడేసినవి మావ చంకన పెట్టుకుని తెచ్చేవాడు. పెళ్లికొడుకులు, నాయకులు, ఓణీలు వేసుకున్న పిల్లలు, అందరి మొహాల మీదా గీతలు.

అత్త ముందు రెండూ పరిచాను. "అత్తా, మెయిన్ ఆపింది నేనే. హెడ్డు ఎండిపోయింది నా వల్లే," అన్నాను.

ఆవిడ ఫ్లెక్సుల మీంచి తలెత్తింది. "మూడు రోజులు మూసీసినారా?" అంది.

"మూసేశాం."

"ఆయనకి గౌరవమని సేసినారు. ఆయనుంటే తిట్టును." గీతలున్నదాని మీద చెయ్యి వేసింది. "ఇది కట్టండి."

"అది బాగా రాలేదత్తా. ఇది టెక్కలిది, సూడు..."

"ఇన్నేళ్లూ మంచియి రోడ్డు మీదకెల్లీవి. గీతలయ్యే మా ఇంటికొచ్చీవి. ఇదీ మా ఇంటికే."

ఇంటి ముందు రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టాం. భోజనాలయ్యాయి, వచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లారు. పొద్దు వాలేసరికి ఎండ ఫ్లెక్సు వెనక్కి వచ్చింది. రంగు ఉన్నచోట బొమ్మ మసకబారింది. రంగు పడనిచోట వెలుతురు వచ్చింది. నేను ఆటో కోసం అరుగు మీద కూర్చుని, పట్టీ చూసినట్టు, పై నుంచి కిందికి లెక్కపెట్టాను. ఏడే. మళ్లీ లెక్కపెట్టాను.