శుక్రవారం పక్కింటి పొయ్యి

మా అమ్మాయి అమ్మమ్మయింది, నేను ముత్తాతనయ్యాను! పాపకి సాంబ్రాణి వెయ్యడానికి మా అమ్మాయి బొగ్గులు రాజేస్తూ అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీస్తుంటే మా అమ్మ గుర్తొచ్చింది.

మన ఈడువాళ్లకి గుర్తుందా? పందొమ్మిదివందల ఇరవైల నాటి మన నర్సీపట్నంలో అగ్గిపెట్టె ఖర్చెందుకని, రాత్రి పొయ్యిలో పిడకని బూడిదతో కప్పి నిప్పు దాచేవారు. ఆరిపోతే పక్కింట్లో అడిగి తెచ్చుకునేవారు. ఓ శుక్రవారం పొద్దున్న మా పొయ్యి ఆరిపోయింది. జ్వరం తగ్గిన తమ్ముడు ఆకలని ఏడుస్తున్నాడు. ఇంటి లక్ష్మి వెళ్లిపోతుందని శుక్రవారం ఎవరూ నిప్పు బయటికివ్వరు. అమ్మ పక్కింటి గుమ్మం దాకా వెళ్లి, అడగలేక అక్కడే ఆగిపోయింది.

పక్కింటి అప్పలనర్సమ్మత్త చూసింది. “ఏటొదినా, అలా నిలబడిపోయావు? నిప్పు మా గడప దాటకూడదు గానీ, నీ గిన్నె లోపలికి రాకూడదని ఎవులన్నారు? బేగి నూకలు కడిగి పట్రా” అంది.

తమ్ముడు ఆ పొయ్యి మీద కాచిన జావే తాగాడు. అప్పట్నుంచి శుక్రవారాలు రెండిళ్ల వంటా ఒకే పొయ్యి మీద సాగింది. ఓ వారం మా కట్టెలు, ఓ వారం వాళ్లవి. ఆ తల్లి చలవ మరిచిపోలేను.

పాప పుట్టిన కబురు యలమంచిలి చెల్లికి, బలిఘట్టం బావగారికి, మా తమ్ముడి పిల్లలకి చెప్పాలి. అప్పలనర్సమ్మత్త మనవలు ఎక్కడున్నారో తెలిసినవాళ్లు వాళ్లకీ చెప్పండి. వాళ్లూ మా చుట్టాలే.