తెర కింద ఉండిపోయిన బటన్

నాగాయలంకలో రొయ్యల చెరువు చేసే రామారావు మావయ్య కోసం ఒక యాప్ రాశాను. ఆయన ఎక్కడున్నా, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లను ఫోన్‌లోంచే ఆన్ చేసుకోవచ్చు.

ఇవాళ పొద్దున్నుంచీ మబ్బు. ఎండ లేకపోతే చెరువు నీటిలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు చచ్చిపోతాయి. మధ్యాహ్నం మావయ్య అవనిగడ్డ నుంచి బండి మీద వస్తూ, రోడ్డు పక్కన ఆగి ఫోన్ చేశారు.

"నీళ్లలో ఆక్సిజన్ పడిపోయిందని యాప్‌లో చూపిస్తోందయ్యా!"

"కింద ఆన్ బటన్ ఉంటుంది, నొక్కండి మావయ్యా."

"బటనేం లేదయ్యా. తెరంతా ఈ అక్షరాలే ఉన్నాయి."

"వేలితో పైకి జరపండి."

"జరగట్లేదు!"

అప్పుడు నాకు వెలిగింది. ఆయన కళ్లజోడు పెట్టుకోరు. ఫోన్ కొన్న రోజే అక్షరాలను అన్నిటికంటే పెద్ద సైజుకి పెట్టించుకున్నారు. అన్నీ ఒకే తెరలో పట్టేస్తాయన్న ధీమాతో, ఆ తెర కదలకుండా చేసింది నేనే.

"సెట్టింగ్స్‌లో అక్షరాలు చిన్నవి చెయ్యండి" అన్నాను.

"చిన్నవి చేస్తే ఏది నొక్కాలో నాకెలా కనపడుద్దయ్యా?" అని, తనే వెళ్లి ఆన్ చేసుకోవడానికి బండి స్టార్ట్ చేశారు.

ఆ తర్వాత ఆరుసార్లు ఫోన్ చేశాను. ఎత్తడం లేదు.

ఇందాక బందరులో నా గదిలో కూర్చుని, నా ఫోన్‌లోనూ అక్షరాలు పెద్దవి చేసి చూశాను. బటన్ నిజంగానే కనపడలేదు; పెద్ద అక్షరాలు దాన్ని తెర కిందికి నెట్టేశాయి. చూడటానికి అర నిమిషం పట్టింది.

మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో అక్షరాలు ఎంత సైజులో ఉన్నాయో కాస్త చూసి చెప్పండి. యాప్ రాయకముందు అడగాల్సిన ప్రశ్న ఇది.