ముద్దాయి మామయ్య, తళతళలాడిన కుక్కరు

ముద్దాయి మామయ్యకి మనుషుల మీద కోపం రాదు. గిన్నెల మీద వస్తుంది. గరిటెల మీద, మిక్సీల మీద, మూత సరిగా పట్టని సీసాల మీద వస్తుంది. ఇంట్లో ఏది పగిలినా, ఒలికినా, మాడినా ముందు కళ్లజోడు పెట్టుకుంటాడు, గొంతు సవరించుకుంటాడు, ఆ తర్వాత నేరం చేసిన వస్తువుని వేలితో చూపించి "ఇదిగో ముద్దాయి!" అంటాడు. వినియోగదారుల కోర్టులో వకీలు కదా, కోర్టు అలవాటు ఇంటిదాకా వచ్చేసిందని చుట్టుపక్కలవాళ్లు సరిపెట్టుకున్నారు. పేరు మాత్రం ఖాయం చేసేశారు.

కోడలికి ఈ సంగతి కాపురానికొచ్చిన కొత్తలోనే తెలిసింది. టీ కెటిల్ ఎత్తబోతే పిడి చేతిలో మిగిలింది, కెటిల్ నేల మీదకి చేరింది. టీ వంటగదంతా తిరిగి చూసి హాల్లోకి కూడా వచ్చింది. అత్తయ్య నోరు తెరిచేలోపే మామయ్య చేతిలో పేపరుతో సహా పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరూ ముట్టుకోకండి! ముద్దాయిని ఉన్నచోటే ఉండనివ్వండి!"

"పడేసింది అమ్మాయైతే మధ్యలో కెటిలేం చేసిందండీ?" అంది అత్తయ్య.

"పిడి ఎందుకు పెట్టారు? పట్టుకోడానికి. పట్టుకుంది. ఊడింది. పట్టుకున్న చెయ్యి ముద్దాయా, ఊడిన పిడి ముద్దాయా?"

"సరే, ముందు నేల తుడవనివ్వండి."

"సాక్ష్యం తుడిచేస్తావా?"

నేల సాయంత్రం దాకా అలాగే ఉంది. చీమలు కూడా విచారణకి హాజరయ్యాయి.

ఆ ఇంట్లో పాడైన వస్తువు బయటికి పోవడమన్నది లేదు. బిల్లుతో, అట్టపెట్టెతో, చివరికి అందులో వచ్చిన థర్మాకోల్ ముక్కలతో సహా అటకెక్కాల్సిందే. అత్తయ్య ఆ అటకని లాకప్ అని పిలిచేది. పండక్కో పబ్బానికో దింపి శుభ్రం చేద్దామంటే, "విచారణలో ఉన్నవాళ్లని కదపకూడదు" అని నిచ్చెన దాచేసేవాడు మామయ్య.

ఆయన్ని తీసుకుని కోడలు ఒకసారి మిక్సీ కొనడానికి వెళ్లింది. మళ్లీ వెళ్లలేదు. కొట్లో నిలబడి సూచనల పుస్తకం మొదటి పేజీ నుంచి బిగ్గరగా చదివాడు. వెనక వరసకట్టిన జనానికి కూడా మధ్యమధ్యలో అర్థం విడమరచి చెప్పాడు.

"మూత బిగించకుండా మీట నొక్కితే ఇది తిరుగుతుందా?"

"అలా ఎవరు నొక్కుతారండీ?" అన్నాడు కొట్టువాడు.

"నేను నొక్కుతా. మా కోడలు నొక్కుతుంది. నిద్రమత్తులో మీరూ నొక్కుతారు. అప్పుడు వేలు తెగితే కంపెనీవాడూ అమ్మినవాడూ ఇద్దరూ ముద్దాయిలే. కంపెనీ పేరు తెలుసు, మీ పేరు చెప్పండి."

కొట్టువాడు రెండు చేతులూ జోడించాడు. "లాయరుగారూ, ఎదురు కొట్లో మిక్సీలు బావుంటాయి సార్. తమ్ముడిలా చెప్తున్నా, అక్కడికెళ్లండి."

ఇలా నవ్వులాటగా సాగిపోతుండగా, కింద వాటాలో ఉండే టైలరమ్మ ఇంట్లో కుక్కరు మూత ఎగిరిపోయింది. దుంపలు ఉడకేసి, మంట తగ్గిద్దామని చెయ్యి చాపిందట. ఆవిరంతా కుడిచేతి మీదకే కొట్టింది. కట్టు కట్టించుకుని వచ్చిందిగానీ సూది పట్టుకునే వేళ్లు వంగడం లేదు. ఆ చేత్తోనే ఆమె ఇల్లు నడుస్తుంది. మిషను మీద సగం కుట్టిన బట్టలు అలాగే ఉండిపోయాయి.

"నాదే తప్పు లాయరుగారూ. మంట ఎక్కువ పెట్టానేమో," అంది చూడ్డానికెళ్లిన మామయ్యతో. ఆమె అన్నగారు వెంటనే "దానికెప్పుడూ కంగారే" అని వంత పాడాడు.

అప్పటికే కంపెనీ మనిషి రంగు కాగితం చుట్టిన కొత్త కుక్కరుతో హాల్లో కూర్చుని ఉన్నాడు. పాతది ఇచ్చేస్తే కొత్తది ఇస్తాడట, ఒక చిన్న సంతకం పెడితే చాలట. అన్నగారు పెన్ను మూత తీశాడు కూడా.

మామయ్య పాత కుక్కర్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. "పాత కుక్కరిస్తే కొత్త కుక్కరొస్తుంది. పాత చెయ్యొస్తుందా బాబూ?"

"అది నేను కొన్నది కూడా కాదండీ, మా చెల్లెలు కొనిచ్చింది," అంది టైలరమ్మ భయంగా.

"కొన్నదెవరైతేనేం, కాలింది నీకు. కంపెనీవాడు కావాలని చేశాడని మనం చూపించక్కర్లేదమ్మా. కుక్కర్లో లోపముందా, ఆ లోపం వల్లే చెయ్యి కాలిందా, ఆ రెండూ తేలితే చాలు. మందులకీ, ఆగిపోయిన కుట్టుపనికీ, పడ్డ నొప్పికీ వాళ్లే బాధ్యులు. నువ్వు చెయ్యాల్సింది ఒకటే. నాదే తప్పు అన్న మాట ఇంకెక్కడా అనకు."

కంపెనీ మనిషి రంగు కాగితంతో సహా వెళ్లిపోయాడు. మామయ్య కుక్కర్ని పైకి తెచ్చి, నిచ్చెన తను ఎక్కడ దాచాడో తనకే గుర్తు రాక, వంటింట్లో గిన్నెలు కడిగే చోట పెట్టి ఫోటోగ్రాఫరు కోసం బయల్దేరాడు. తనతో వచ్చిన అత్తయ్య టైలరమ్మ దగ్గరే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే కోడలు ఆఫీసు నుంచి వచ్చింది.

ఆమెకి ఈ కథంతా తెలియదు. తెలిసిందల్లా మాడి మసిబారిన కుక్కరొకటి తోమకుండా పడి ఉందని. అత్తయ్య ఇంటికొచ్చేసరికి మెచ్చుకోవాలని పీచూ సబ్బూ పట్టి, అంచుల వెంట, మడతల్లో, మూత లోపల, ఎక్కడా వదలకుండా తోమి పారేసింది. ముఖం చూసుకుంటే బొట్టు సరిచేసుకోవచ్చు.

మామయ్యతో వచ్చిన ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తి, దించి, "కొత్త మోడలా సార్? ప్రకటనకా?" అని అడిగాడు.

వెనకే వచ్చిన అత్తయ్య సంగతంతా చెప్పాకగానీ తనేం చేసిందో కోడలికి అర్థం కాలేదు. ఒక మనిషి చెయ్యి, ఆమె బతుకు, దానికున్న ఒకే ఒక్క సాక్ష్యం, అన్నీ కలిపి సబ్బునీళ్లలో కొట్టుకుపోయాయి. ఇక తిట్లు తప్పవు, తిట్టినా పడాల్సిందే అనుకుంది.

"నేనే మామయ్యా. నేనే తోమాను," అంది.

మామయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. నీళ్లు కారుతున్న పీచుని రెండు వేళ్లతో ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదిగో ముద్దాయి! ఇంత బాగా తోమమని దీనికెవరు చెప్పారు?"

కోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"నా మీద చీటీ అన్నా అంటించలేదేం అని ఆ కుక్కరు నన్ను అడుగుతోంది. రెండో ముద్దాయిని నేను," అన్నాడాయన. "కోర్టులో నిన్ను పిలుస్తా. తోమానని ఉన్నదున్నట్టు చెప్పు. దాచడానికేముంది, గిన్నె కడగడం నేరం కాదు."

పరీక్ష చేసిన ఇంజనీరు మూత అంచులో వెంట్రుకంత చీలిక కనిపెట్టాడు. తయారీలోనే పడ్డదని రాసిచ్చాడు. అయినా కంపెనీ వకీలు ఊరుకుంటాడా? కోడల్ని బోనెక్కించి పట్టుకున్నాడు.

"ఎంతసేపు తోమారు?"

"మసి పోయేదాకా."

"గట్టిగానే తోమారా?"

"గట్టిగానే తోమాను."

ఆయన జడ్జిగారి వైపు తిరిగాడు. "చూశారా అండీ! ఆ చీలిక ఈవిడ తోముడికి పడిందే!"

మామయ్య తీరిగ్గా లేచాడు. "అయ్యా, మా కోడలు పీచుతో తోమితే పగిలే కుక్కర్ని, అందులో ఆవిరి పట్టమని అమ్మారా?"

జడ్జిగారు నవ్వు ఆపుకోడానికి మంచినీళ్లు తాగారు. తీర్పు టైలరమ్మ వైపే వచ్చింది.

డబ్బు చేతికందాక ఆమె మంచి వైద్యం చేయించుకుంది. వేళ్లు నెమ్మదిగా వంగాయి. వంగిన వేళ్లతో మొట్టమొదట మామయ్యకి చొక్కా కుట్టుకొచ్చింది. తొడుక్కుంటే ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర ఆగింది, కుడి చెయ్యి వేళ్లని కూడా కప్పేసింది. ఆమె ముఖం వాడిపోయింది. మామయ్య టక్కున ఆమె మెళ్లో ఉన్న కొలత టేపు లాగాడు.

"ఇదిగో ముద్దాయి! సాగిపోయింది చూడు. నీ కుట్టుకి వంక పెట్టేవాడెవడు?"

ఆ చొక్కాతోనే కోర్టుకి బయల్దేరాడు. కుడి చెయ్యి మడతపెట్టుకుంటూ మెట్లు దిగుతుంటే కోడలు చూసి నవ్వుతూ, "వకీలు వృత్తి మామయ్యకి బాగా తలకెక్కిందత్తయ్యా," అంది.

అత్తయ్య నవ్వలేదు. "నేను కొత్తగా కాపురానికొచ్చినప్పుడు మా అత్తగారి పాలగిన్నె పొయ్యి మీంచి దించబోయి మొత్తం ఒలకబోశాను. ఆవిడ కేకేసుకుంటూ వస్తుంటే నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఈయన మధ్యలో దూరి గిన్నె తిరగేసి, అడుగు సమంగా లేదమ్మా, నీకు అమ్మినవాణ్ణి నిలదీద్దాం పద అన్నాడు. తల్లీకొడుకులు కొట్టుకి వెళ్లి అరగంట పోట్లాడొచ్చారు."

"నిజంగానే సమంగా లేదా?"

"బ్రహ్మాండంగా ఉంది. నేనే కునికిపాట్లు పడ్డాను."

"మరి ఆ సంగతి మామయ్యకి తెలుసా?"

"తెలియకేం!" అంది అత్తయ్య, ఈసారి నవ్వుతూ. "అప్పటికాయన బట్టలకొట్లో గుమాస్తా. ఆ తర్వాతే లా చదివాడు."