కిత్తనార తాడు

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే మధ్యలో నా ముఖంలోకి చూస్తారు, అప్పుడు నేను సంగతి కాస్త అటూ ఇటూ మార్చేస్తాను. నా సంగతి నాకు బాగా తెలుసు.

ముందే చెప్పేస్తాను. నేను ఒక మనిషిని జైలుకు పంపాను. అబద్ధమాడి కాదు, నిజం చెప్పి. ఆ తేడాను పట్టుకునే ఇన్నేళ్లు అన్నం తిన్నాను. అది తేడాయే కాదని మొదటి రోజునుంచీ తెలుసు.

జెద్దాకు ఉత్తరాన విదేశీ ఇంజినీర్లు ఉండే కాంపౌండు ఒకటి ఉండేది. అందులో నేను తోటపనివాణ్ని. మాది అనంతపురం వైపు. అక్కడి వంటవాడు మస్తానన్న కడప మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. ఇద్దరం ఆరేళ్లు ఒకే గదిలో ఉన్నాం. అయిదు పూటలా నమాజు చేసేవాడు, సిగరెట్టు కూడా ముట్టేవాడు కాదు. శుక్రవారం దొరలకు మందీ వండేవాడు. నేలలో ఇటుకలతో కట్టిన నిలువు గొయ్యి. అడుగున నిప్పులు, ఆపైన బియ్యం గిన్నె, దాని మీద వేలాడే మాంసం. మూత పెట్టి అంచులు మట్టితో మెత్తితే మూడు గంటల్లో కాంపౌండంతా వాసన. కడపలో ముందు మస్తాను ఖాళీగా ఉన్నాడో లేదో కనుక్కుని, ఆ తర్వాతే పెళ్లి దావతుకు రోజు పెట్టుకునేవారని చెప్పుకునేవాడు. గొప్పలు పోయేవాడు. ఆ చేతి వంట తిన్నవాళ్లెవరూ ఆ గొప్పలకు అడ్డు చెప్పేవారు కాదు.

గేటు నుంచి లోపలికి వచ్చే దారికి రెండు వైపులా కిత్తనార మొక్కలు ఉండేవి. మా వైపు చేలగట్ల మీద కంచెగా వేసే మొక్కే అది. కత్తుల్లాంటి ఆకులు, అంచున ముళ్లు. ఆకును నీళ్లలో నానబెట్టి, బండమీద కొట్టి నార తీసి మా నాన్న తాళ్లు పేనేవాడు. ఆ పని నాకూ వచ్చు. ఆ రసం తగిలితే చెయ్యి ఎంత దురదపెడుతుందో కూడా తెలుసు.

ఒకరోజు నేను ఆ మొక్కల దగ్గర పని చేస్తుంటే మెక్సికో నుంచి వచ్చిన ఇంజినీరు ఆగాడు. ఇంజినీరును అరబ్బీలో ముహందిస్ అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. అది తమ దేశపు మొక్క అన్నాడు. కాదు మాది అన్నాను. కాసేపు మొక్క కోసం తగవులాడుకున్నాం. వాళ్ల నాయనమ్మ ఊళ్లో ఆ మొక్క గడ్డనుంచి సారా తీస్తారట, దాన్ని మెస్కాల్ అంటారట. చెబుతూ చెబుతూ ఆయన కళ్లు చెమర్చాయి. నాలుగేళ్లుగా ఇంటికి పోలేదు. ఆ కళ్లు చూసి నేను మెత్తబడ్డానని చెప్పుకోవాలని ఉంది. నిజానికి నాకు సారా మీద నాలుక పీకింది. సౌదీలో అది దొరికితే ఏమవుతుందో తెలిసి కూడా.

ఆయన చెప్పినట్టే చేశాను. మొక్క తన బతుకులో ఒక్కసారే, చచ్చే ముందు, నడిమినుంచి పూకాడ లేపుతుంది. కాడ మొలవగానే కోసేయాలి. అప్పుడు పువ్వుకు పోవాల్సిన తీపంతా గడ్డలోనే నిలిచిపోతుంది. కొన్ని నెలల తర్వాత ఆకులన్నీ నరికి గడ్డను తవ్వి తీయాలి. నరికాక అది పెద్ద అనాసపండులా ఉంటుంది. దాన్ని నేలలో గొయ్యి తీసి, కాలిన రాళ్ల మీద పెట్టి, మూడు రోజులు మగ్గబెట్టాలి.

గొయ్యి ఎక్కడిది? మస్తానన్నది ఉంది కదా. శుక్రవారం తప్ప ఖాళీగానే ఉంటుంది. ముహందిస్ దేశంలో ఇది తినే గడ్డ అని చెప్పాను. అదీ నిజమే, కాలిస్తే తింటారు. మూత తీసిన రోజు మస్తానన్న ఒక ముక్క నమిలి పీచు ఉమ్మేసి, "ఏందిరా అబ్బీ, చిలగడదుంప మాదిరి తియ్యగుండాదే" అన్నాడు. ఇంకో ముక్క కూడా అడిగి తీసుకున్నాడు.

కాలిన గడ్డల్ని ముహందిస్ ఇంటి వెనక రోకలిలాంటి కర్రతో దంచాను. దంచినదాన్ని నీళ్లతో డ్రమ్ములో పోసి వంటింటి సామాన్ల గదిలో పెట్టాను, అక్కడ వెచ్చగా ఉంటుందని. ఈస్టు వేయలేదు. గాలిలో ఉండేదే చాలు, తొందరపెట్టకూడదు అనేవాడాయన. డ్రమ్ములో ఏముందని మస్తానన్న అడిగితే చెట్లకు ఎరువు అన్నాను. ఇది మాత్రం పచ్చి అబద్ధం. చూశారా, అబద్ధమాడలేదని పైన రాసుకున్నాను.

వారం పదిరోజులకు బుడగలు రావడం ఆగాక, కుండ మీద కుండ పెట్టి పైన చన్నీళ్ల గిన్నె ఉంచి కాచాం. మా ఊరి నాటుసారా బట్టీకి దానికి పెద్ద తేడా లేదు. ఒకసారి కాచింది చాలదని రెండోసారి కాచాడు. బలం చూడటానికి ఆయన దగ్గర యంత్రమేమీ లేదు. చేతిని ఎత్తి సన్నటి ధారగా గిన్నెలోకి పోస్తాడు, పైన ముత్యాల్లా బుడగలు నిలుస్తాయి. అవి ఎంతసేపు నిలిచాయో చూసి తల ఊపుతాడు. తాగే ముందు నాలుగు చుక్కలు నేలమీద పోశాడు, పోయినవాళ్ల కోసమట. నేను మా సారాకొట్టు పద్ధతిలో ఒక్క గుక్కలో ఎత్తేశాను. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. ముద్దు పెట్టుకున్నట్టు పెదవికి తాకించి తాగాలట. ఒక్కో చుక్కకూ కమలాతొన మీద ఉప్పూకారం అద్దుకుని నంజుకోవాలట. రెండోసారి అలాగే తాగాను. ముందు పొగ, తర్వాత తీపి, ఆఖరున తడిసిన మట్టి. అంత మంచిది మళ్లీ ఎప్పుడూ తాగలేదు. దాన్ని ఇంత ఇష్టంగా గుర్తుపెట్టుకోవడం కూడా నాకు సిగ్గే.

ఇక్కడ నా బుద్ధి గురించి చెప్పాలి. నరికిన ఆకులు గుట్ట పడి ఉన్నాయి. తాళ్లు పేనేవాడి కొడుకును, పారేయడానికి చేతులు రాలేదు. నానబెట్టి, నార తీసి, ఎండబెట్టి పేనాను. మా నాన్న పేనినట్టే ఎడమ మెలికతో. ఆ దేశంలో అలాంటి తాడు కొట్లలో దొరకదు. కట్టంతా మస్తానన్నకు ఇచ్చేశాను. సంబరపడి గొయ్యి మూతకు కట్టుకున్నాడు, ఉల్లిపాయల సంచికీ కట్టుకున్నాడు. డ్రమ్ము మూతికి గోనె వేసి నేను కట్టింది కూడా అందులోని ముక్కే. దొంగపని చేసేవాడు ఎవడైనా తన చేతిగుర్తు అలా ఊరంతా పంచిపెడతాడా?

అదే ఏడాది నితాఖత్ అనే కొత్త చట్టం వచ్చింది. సౌదీవాళ్లను చాలినంతమందిని పెట్టుకోని కంపెనీకి ఎరుపు రంగు వేస్తారు. ఎరుపు పడితే పనివాడి ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాదు. ఇఖామా లేనివాడు రోడ్డుమీద నడిచినా దొంగే. మా కంపెనీకి ఎరుపు పడింది. కాంపౌండు పనిని పచ్చరంగు కంపెనీ ఒకటి తీసుకుంది. దానికి తన మనుషులు ఉన్నారు. పాతవాళ్లలో ఒక్కణ్ని మాత్రం కఫాలా, అంటే యజమాని పూచీ, తన పేరుకు మార్చుకుని ఉంచుకుంటుందట. ఆ పేరు రాసిచ్చేది మా మేనేజరు. ఈజిప్టు ఆయన, మేం ముదీర్ అనేవాళ్లం. పాతకాపులం మస్తానన్నా నేనూ. ఇద్దరిలో ఒకరు. మస్తానన్నను ఉంచుతారని అందరికీ తెలుసు, తోటపనివాణ్ని ఎక్కడినుంచైనా తెచ్చుకోవచ్చు, ఆ వంట దొరకదు. అతను మాత్రం రాత్రి పడుకునే ముందు, నాకే రావాలని దువా చేస్తున్నానని చెప్పాడు. వయసులో ఉన్నావు, బతకాల్సినవాడివి అన్నాడు.

తనిఖీలు వస్తాయని భయపడి ముదీర్ ఒకరోజు పొద్దున్నే గదులన్నీ తెరిపించాడు. మస్తానన్న మసాలాలకు బలద్ బజారుకు వెళ్లి ఉన్నాడు. నన్ను పిలిపించారు. నేను వెళ్లేసరికి ముదీర్ డ్రమ్ము ముందు నిలబడి ఉన్నాడు. గోనె విప్పి ఉంది, లోపల మేం వేసిన మరో విడత పులుస్తోంది. ఆ పులిసిన వాసన ఏమిటో ఆయనకు తెలుసు. చేతిలో తాడు ముక్క ఉంది.

"ఈ తాడు ఎవరిది?"

"మస్తాన్‌ది."

"ఆ గొయ్యి?"

"మస్తాన్‌దే."

"ఈ గది తాళం?"

"మస్తాన్ దగ్గరే ఉంటుంది."

"నీకేం తెలుసు?"

"నేను తోటపనివాణ్ని."

అంతే. నాలుగు మాటలు, ఒక్కటీ అబద్ధం కాదు. మొదటి మాట భయంతో వచ్చింది. ఒట్టు, అది భయమే. మూడో మాట దగ్గరికి వచ్చేసరికి ఆ పచ్చరంగు కంపెనీ కాగితం నా కళ్లముందు ఉంది. భయం ఎక్కడ ఆగింది, ఆశ ఎక్కడ మొదలైంది అని ఇప్పటికీ వెతుకుతుంటాను. దొరికితే మాత్రం ఏం చేసుకుంటాను?

మస్తానన్న సంచులతో తిరిగి వచ్చేసరికి పోలీసులు ఉన్నారు. అతనికి అరబ్బీ బాగానే వచ్చు, అది ఎరువని రెండుసార్లు చెప్పాడు, వాళ్లు వినలేదు. చుట్టూ చూశాడు. గేటు దగ్గర పైపు పట్టుకుని నేను కనపడ్డాను. అతని ముఖం తేరుకుంది. నన్ను చూసి తేరుకుంది, అర్థమవుతోందా మీకు?

"అబ్బీ, అది ఎరువని నువ్వన్నా చెప్పురా వీళ్లకు" అన్నాడు.

నేను నీళ్లు పడుతూనే ఉన్నాను. అతని దగ్గరికి కూడా పోలేదు. కారు తలుపు మూసిన చప్పుడు వినిపించాకే తలెత్తాను.

దీనికంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రం ముహందిస్ సైటునుంచి వచ్చి సంగతి విని, తానే వెళ్లి ఒప్పుకుంటానన్నాడు. బూట్లు కూడా విప్పలేదు. నేనే ఆపాను. వచ్చీరాని ఇంగ్లీషులో, నువ్వు చెబితే ముగ్గురం పోతాం, చెప్పకపోతే ఒక్కడే పోతాడు, వాణ్ని ఎలాగూ కొద్దిరోజుల్లో వదిలేస్తారు అన్నాను. వదిలేస్తారని నాకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆయన ఆ బూట్లతోనే కూర్చుండిపోయాడు. వారంలో సెలవు పెట్టి వెళ్లిపోయాడు, తిరిగి రాలేదు. మస్తానన్నను బయటికి తేగల మనిషి ఆయనొక్కడే. ఆ తలుపు నా చేత్తో నేనే మూశాను.

మస్తానన్న కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. అక్కడినుంచి తర్హీల్‌కు, అంటే దేశం దాటించేవాళ్లను ఉంచే చోటికి తీసుకెళ్లి, వేలిముద్రలు వేయించుకుని విమానం ఎక్కించారు. ముదీర్ నా పేరు రాసిచ్చాడు. విదేశీ పనివాళ్ల మీద లెవీలు వచ్చి ఆ కంపెనీ కూడా మనుషుల్ని తగ్గించే దాకా నేను అక్కడే ఉన్నాను. ఆ మొక్కల చోట కొత్త పిలకలు నాటింది కూడా నేనే.

తిరిగి వచ్చాక కడప వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. బస్టాండు వెనక ఒక చిన్న హోటల్లో, పొయ్యి దగ్గర కనిపించాడు. సారా కాసి పట్టుబడ్డాడన్న మాట అతనికంటే ముందే ఊరు చేరిందట. ఆ చేతి వంట దావతులో ఎలా తింటామని ఒకరన్నారు, ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. అదంతా అతను చెప్పలేదు, హోటలాయన చెప్పాడు. మస్తానన్న మాత్రం చేతులు తుడుచుకుని వచ్చి నన్ను కావలించుకున్నాడు. కూర్చోబెట్టి స్వయంగా వడ్డించాడు. ముహందిసే ఎరువని నన్నూ నమ్మించి డ్రమ్ము పెట్టించి, మస్తానన్న పేరు చెప్పి పారిపోయాడని అతని నమ్మకం. ఆయనను తిట్టి, నా భుజం మీద చెయ్యేసి, "ఆ కాంపౌండులో నన్ను నమ్మినోనివి నువ్వొగనివే అబ్బీ" అన్నాడు.

నోట్లో ముద్ద ఉంది. నమిలి మింగాను. కూర బాగుందన్నాను.

అక్కడ కూర్చుని ఎందుకు చెప్పలేకపోయాను? అతనికి మిగిలింది ఆ ఒక్క నమ్మకమే, అదీ లాగేసుకుంటే ఎలా అనుకున్నానని నాకు నేను చెప్పుకుంటాను. వినడానికి బాగుంటుంది. అసలు సంగతి ఏమిటంటే, ఆ చెయ్యి నా భుజం మీదనుంచి తీసేస్తాడని భయపడ్డాను. ఆ తర్వాత రెండుసార్లు కడప బస్సెక్కి తాడిపత్రిలో దిగిపోయాను. ఈసారి దిగనని మాట ఇవ్వలేను. మీరు క్షమించడానికి మీకు జరిగిన అన్యాయమేమీ లేదు, కాబట్టి ఆ మాట అడగను.

మస్తానన్న ఏ తప్పూ చేయలేదు. ఈ వాక్యం ఇప్పుడే మొదటిసారి రాశాను. సరిగ్గా ఉందో లేదో చూడటానికి పైకి చదివాను. పక్కగదిలోంచి నా భార్య ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది. ఆమె నా జీవితంలోకి వచ్చింది ఇదంతా జరిగిన తర్వాత.

"మస్తానన్న ఏ తప్పూ చేయలేదు" అన్నాను, ఈసారి కాస్త గట్టిగా.

"ఏ మస్తానన్న?" అంది.

ఆరేళ్లు ఒకే గదిలో పడుకున్న మనిషి. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ పేరు ఈ ఇంట్లో ఒక్కసారి కూడా ఎత్తలేదు నేను. వచ్చి కూర్చోమన్నాను. చేతిలో పని అక్కడ పెట్టి వచ్చి కూర్చుంది. మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.