మిల్లు భాష

మా నాన్నకి మాట తిరిగి ఇచ్చినవి నీళ్ళే. అందుకే ఎక్కడ జలపాతం కనిపించినా నా చేతులు వాటంతటవే దణ్ణానికి లేస్తాయి.

నాన్న మండపేటలో రైసుమిల్లు ఫిట్టరు. ఆ మోతలో గొంతు చించుకున్నా లాభం లేదని మిల్లులో అందరూ ఎదురెదురుగా నిలబడి చేతులతో, పెదాలతో మాట్లాడుకునేవారు. చిన్నప్పుడు నేను క్యారేజీ పట్టుకెళితే, దూరం నుంచే తన పొట్ట మీద రెండుసార్లు తట్టుకుని నా వైపు వేలు చూపించేవారు. 'నువ్వు తిన్నావా?' అని. నేను తలూపితేగాని మూత తీసేవారు కాదు.

పని మానేసి కొత్తపేట వచ్చేసరికి చెవులు దాదాపు పూర్తిగా పోయాయి. చెవి మిషను పెట్టిస్తే గుయ్యిమంటోందని తీసి బియ్యం డబ్బాలో పడేశారు. అయినా కబుర్లు మానలేదు. ఒకరోజు చుట్టాలొచ్చి "ఒంట్లో ఎలా ఉందండీ?" అంటే, "వంటయిపోయిందండి, భోంచేసి వెళ్ళండి" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. అంతే, ఆ రోజుతో నాన్న నోరు కట్టేసుకున్నారు. నెలలు గడిచినా పెదవి విప్పలేదు. "ఇంట్లో మనిషున్నాడో గోడుందో తెలీట్లేదే" అని అమ్మ ఏడ్చేది. ఆ నవ్వినవాళ్ళు కనబడితే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ కార్తీకంలో బాబాయి సుమో మాట్లాడి, పాపికొండల అడవి వైపు జలపాతాలు చూసొద్దామన్నాడు.

"అన్నయ్యెందుకే? వెనకనించి పిలిస్తే పలకడు. అడవిలో తప్పిపోతే?"

"మీకు చెవులు రెండూ బానే ఉన్నాయి కదా బాబాయ్, పిన్ని పిలిస్తే ఎప్పుడైనా పలికేరా?"

"ఆయ్, నీతో ఎవడు వాదిస్తాడే తల్లీ!"

నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టాను. రంపచోడవరం దాటాక కొండల మధ్య రిజర్వాయరు కనిపించింది. మన కాలవల్లాగే కదలకుండా పడుకున్న నీళ్ళే అవి. నాన్న అద్దంలోంచి చూసి మొహం తిప్పుకున్నారు.

సుమో ఆపి, రాళ్ళు పట్టుకుని పైకెక్కాం. మలుపు తిరగగానే జలపాతం! అమ్మో, ఏం మోత! కొండంతా అదురుతోంది. బాబాయి నోరు కదుపుతున్నాడు, ఒక్క ముక్క వినపడదు. పిన్ని "ఆఁ? ఆఁ?" అంటోంది. అమ్మ పులిహోర డబ్బా ఎత్తి చూపిస్తుంటే బాబాయి వెళ్ళి టవలు తెచ్చాడు. మేమంతా చెవిటివాళ్ళమైపోయాం.

నాన్న మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ చూశారు. భుజాలు కుదుపుతూ నవ్వారు. బాబాయి పెదాలు చూసి, అమ్మకి చేత్తో చెప్పారు: వాడికి పులిహోర కాదు, మంచినీళ్ళు కావాలట. ఆ తరువాత నా వైపు తిరిగారు. పొట్ట మీద రెండుసార్లు తట్టుకుని, నాకేసి వేలు చూపించారు.

నాకు ఏడుపు ఆగలేదు. తలూపాను. నిజానికి అప్పటికి ఏమీ తినలేదు.

తిరుగు ప్రయాణంలో సుమో ఎక్కగానే నాన్న గొంతు విప్పారు. "ఇంట్లో మీరంతా చెవిలో అరుస్తారర్రా. మొహం కనబడితే కదా నాకు మాట తెలిసేది!" అన్నారు. అక్కణ్ణుంచి ఇక ఆపలేదు. మిల్లు బెల్టు తెగిన కథ, రంపచోడవరంలో టీ బాగాలేదన్న ఫిర్యాదు, చిన్నప్పుడు బాబాయి కాలవలో లాగు పోగొట్టుకున్న సంగతి, అన్నీ వచ్చాయి. అదీ మిల్లు మోతంత గొంతుతో. డ్రైవరు రెండు చెవుల్లోనూ దూది పెట్టుకోవాలన్నట్టు చూశాడు.

ఆ నీళ్ళకి ఏమిచ్చి రుణం తీర్చుకోను? రావులపాలెం వంతెన మీదికొచ్చేసరికి కూడా నాన్న మాట్లాడుతూనే ఉన్నారు.

వెనక సీట్లో అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇహ ఆపండి బాబూ, చెవులు చిల్లులు పడుతున్నాయి" అంది.

నాన్న ముందు సీట్లో ఉన్నారు. అదృష్టం, వినపడలేదు.