పిడికిలి డబ్బా

ఆ గురువారం ఉదయం పదీ ఇరవైకి మా గేటు గొళ్లెం రెండుసార్లు మోగింది. మధ్యలో కాస్త ఆగి, మళ్లీ. అలా మోగించే మనిషి ఒక్కరే. అమ్మ పోయి అప్పటికి పదిహేను రోజులైంది.

మేము మల్కాపురంలో ఉండేవాళ్లం. నాన్న పోర్టులో గుమాస్తా. పాత ఊళ్లో అనాథ పిల్లల ఆశ్రమం ఒకటి ఉండేది. డబ్బు రూపంలో చందా ఇవ్వలేని ఇళ్లకు వాళ్లు ఒక రేకు డబ్బా ఇచ్చేవారు. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి అందులో వెయ్యాలి. వారానికొకసారి ఆశ్రమం మనిషి వచ్చి పట్టుకెళతాడు.

మా ఇంటికి వచ్చేది ఒక సాయిబు. చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయట. ఆ ఆశ్రమంలోనే పెరిగి, అక్కడి పిల్లల కోసమే ఊరంతా తిరిగేవాడు. మా వరుసలో డబ్బా ఉన్న ఇల్లు మాదొక్కటే. అందుకని బస్సు దిగి, కర్రతో తడుముకుంటూ మా గేటు దాకా వచ్చి, అక్కడి నుంచే వెనక్కి తిరిగేవాడు. అమ్మను చెల్లెలి వరస పెట్టి పిలిచేవాడు. ఆయన్ని మావయ్యా అనమని అమ్మ నాకు చెప్పింది గాని, ఆ వేళకి నేను కాలేజీలో ఉండేదాన్ని. ఆయనతో నేను మాట్లాడిందే లేదు.

ఒక్క సంభాషణ మాత్రం నాకు గుర్తుంది. అది సంవత్సరం మొదట్లో ఏదో సెలవు రోజు. డబ్బా చేతికి రాగానే ఆయన దాన్ని రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి బరువు చూసేవాడు.

“ఏటి సెల్లెమ్మా, పిడికిలి సిన్నదైపోనాది? పిసినారితనం పట్టుకున్నాదేటి?”

“నా సెయ్యి అంతే అన్నయ్యా. పెద్ద పిడికిలి కావాలంటే మీ బావనడుగు. ఆరి పిడికిలి పెద్దదే, కంచం కాడ.”

ఇద్దరూ నవ్వారు. తర్వాత చాలాసేపు గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు. నేను లోపల పుస్తకం చదువుకుంటున్నాను. చెవి పెట్టి వినలేదు.

ఏప్రిల్‌లో డిగ్రీ ఆఖరి పరీక్ష రాసి ఇంటికి వచ్చేసరికి అమ్మ వంటింట్లో పడిపోయి ఉంది. కడుపులో గడ్డ, చాలా నెలలుగా ఉన్నది అని పెద్దాసుపత్రిలో చెప్పారు. “మాకు తెలీదండి” అని నాన్న ఆ డాక్టరుతో మూడుసార్లు అన్నాడు. అమ్మ ఇరవై రోజులుంది. అందులో మాట్లాడగలిగినవి రెండో మూడో. ఆ రెండు మూడు రోజుల్లోనూ ఇంట్లో పప్పు ఎక్కడుందో, చాకలికి వేసిన బట్టలు ఎన్నో చెప్పింది. తనకు ముందే తెలుసా అని నేను అడగలేకపోయాను.

ఆ నెలంతా సాయిబు రాలేదు. టైఫాయిడ్‌తో ఆయనా మంచం మీదే ఉన్నాడట.

గొళ్లెం మోగినప్పుడు మెట్లు అప్పటికే కాలిపోతున్నాయి. గుమ్మం పక్కనున్న అమ్మ చెప్పులు తొడుక్కున్నాను. ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. నడిస్తే ఒక అడుగు టపామంటుంది, ఒక అడుగు ఈడ్చుకుంటుంది. డబ్బా మూత మీద పోర్టు నుంచి వచ్చే ఎర్రదుమ్ము పేరుకుని ఉంది. మైల రోజుల్లో ఇంట్లోంచి గింజ బయటికి పోకూడదని ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అందులో ఉన్నవి అమ్మ వేసిన ఆఖరి నాలుగు పిడికిళ్లు. నెల దాటినా పురుగు పట్టలేదు.

అమ్మ పోయిందని చెప్పడానికే నోరు తెరిచాను.

“వొచ్చినావా సెల్లెమ్మా” అన్నాడు, చెప్పుల చప్పుడు వైపు మొహం తిప్పి. “జొరమొచ్చి పడున్నాను. బెంగెట్టుకునుంటావు.”

డబ్బా అందించాను. బరువు చూశాడు. ఆయన మొహం చిన్నబోయింది. బియ్యం సంచిలో ఒంపుకుని ఖాళీ డబ్బా ఇచ్చేశాడు. వెళ్లబోతూ గేటు దగ్గర ఆగి, ఎవరో ఏదో చెబితే విన్నట్టు తల ఊపాడు.

ఆయనకు చెప్పలేకపోయానని రాత్రి నాన్నకు చెప్పాను. “వచ్చే వారం చెబుదువులే” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాటి నుంచి పిడికిలి నేను వేశాను. నాది నాన్న చెయ్యి, వేళ్లు పొడుగు.

రెండో గురువారం ఉత్తి కాళ్లతో వెళ్లి, గేటు తీస్తూనే చెప్పెయ్యాలనుకున్నాను. గొళ్లెం మోగింది. నాలుగడుగులు వేశాక చప్పుడు విని కిందికి చూసుకుంటే అమ్మ చెప్పులు నా కాళ్లకు ఉన్నాయి. తొడుక్కున్నట్టు గుర్తు లేదు.

ఆయన డబ్బా ఆడించి ఆగిపోయాడు. మళ్లీ ఆడించాడు.

“అమ్మయ్య! సెయ్యి తేరుకున్నాదే సెల్లెమ్మా. తగ్గుతున్నట్టున్నాదే!”

అంత సంతోషం ఆ మూడు వారాల్లో నేను ఎవరి మొహంలోనూ చూడలేదు. నేను ఊఁ అని కూడా అనలేదు. ఆ సంగతి ఇప్పటికీ కచ్చితంగా చెప్పగలను. ఆయన మాత్రం మళ్లీ గేటు దగ్గర ఆగి, చెవి ఇటు పెట్టి, “అలగే, అలగే” అని వెళ్లిపోయాడు.

ఆ వారం నా పిడికిలి ఇంకా నిండుగా పడుతోందని గమనించాను. మానలేకపోయాను. ఊరంతటిలో అమ్మకు నయమవుతున్న చోటు ఆ డబ్బా ఒక్కటే.

మూడో గురువారం ఆయన వెళ్లాక పక్కింటావిడ గోడ మీంచి పిలిచింది.

“ఏటే, ఆ సాయిబుకి సెప్పనేదా? సచ్చిపోయినావిడతో మాటాడిత్తన్నావేటి ఆ గుడ్డోడి సేత? మీ అమ్మ సెప్పులేసుకుని నువ్వొత్తంటే నాకే గుండె జల్లుమన్నాది. వొచ్చే వారం నువ్వు సెప్పకపోతే నాను సెప్పేత్తాను, ఆనక నన్ననుకోకు.”

నాలుగో గురువారం ఆవిడ పదింటి నుంచీ గోడ దగ్గరే నిలబడింది.

ఆయన డబ్బా ఆడించాడు. నవ్వాడు. వెంటనే గొంతు తగ్గించాడు.

“అడిగితే ఏటనుకోకు సెల్లెమ్మా. పిల్లకి సెప్పీసావా?”

నేను గేటు పట్టుకున్నాను.

“పరీచ్చలయ్యేదాకా సెప్పనన్నావు. అయిపోనాయి కదా. గడ్డ తగ్గినా సెప్పాల. ఎవలి నోటో ఇంటే, నాకెందుకు సెప్పనేదనీసి జల్మంతా ఏడుస్తాది.”

అమ్మకు తెలుసు. ఆయనకు చెప్పింది. నాకు చెప్పలేదు. ఇక నాకు తెలియాల్సింది ఒక్కటే మిగిలింది. పరీక్షలయ్యాక నిజంగా చెబుదామనుకుందా, లేక ఆయన నోరు మూయించడానికి అలా అందా? దానికి జవాబు ఆ మనిషి దగ్గర తప్ప ఎక్కడా లేదు. చెప్పుల చాటున నిలబడి ఆ ప్రశ్న అడగలేను.

“అమ్మ నాకు చెప్పలేదు మావయ్యా.”

ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. కర్ర గేటుకు తగిలింది.

“ఎవలు?”

“నేను. పిల్లని.”

అమ్మ ఎప్పుడు పోయిందో చెప్పాను. ఆయన తడుముకుని కాలుతున్న మెట్టు మీదే కూర్చున్నాడు. నీళ్లు తెచ్చి ఇస్తే గ్లాసు చేత్తో పట్టుకున్నాడు గాని తాగలేదు.

“వారం వారం డబ్బా తేలికైపోతంటే అడిగినాను. బియ్యం తగ్గినాయా, సెయ్యి తగ్గినాదా అని. తమాసాకే అన్నాను పాపా. ఏడిసినాది. అప్పుడు సెప్పినాది.”

గ్లాసు మెట్టు మీద పెట్టాడు. “మరి ఈ వారాలన్నీ ఎవలొచ్చినారు?”

“నేనే. తప్పయిపోయింది. మీ ముందు ఒక్క మాటా మాట్లాడలేదు, చెప్పలేక.”

“మాటాడనేదా?”

“లేదు.”

“అలగనకు పాపా.” ఆయన మొహం నా వైపు కాదు, నాకు కొంచెం ఎడమ పక్కకు ఉంది. “నాను ఎల్తంటే వారం వారం అన్నాదే. ‘దానికి సెప్తానన్నయ్యా, సెప్తాను’ అని. మూడు వారాలూ అన్నాది. అందుకే గదా ఇయ్యాల సెప్పీసావా అనడిగినాను.”

గోడవైపు చూశాను. అన్ని మాటలున్న పక్కింటావిడ చేతులు గోడ మీంచి తీసేసి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆయన చెయ్యి చాపి, ఒక పిడికెడు బియ్యం అందులో వెయ్యమన్నాడు. లోపలికి వెళ్లి తెచ్చి వేశాను. వేళ్లు మూసి బరువు చూశాడు.

“ఆఁ. ఇది నీది” అన్నాడు. లేచి వెళ్లిపోయాడు. ఈసారి గేటు దగ్గర ఆగలేదు.

అలవాటు పడిన చెవికి తాను వినదలచుకున్నది వినిపిస్తుందని తర్వాత చదువుకున్నాను. బతికుండగా అమ్మ ఆ మాట ఆయనతో ఎన్నో గురువారాలు అని ఉంటుంది. అదే మళ్లీ వినిపించి ఉంటుంది. ఆ వివరణ సరిపోతుంది. ఏ లెక్కన చూసినా మాట మాత్రం అమ్మదే. చెప్తానంది.

ఆ చెప్పులు మళ్లీ వేసుకోలేదు. ఆయన ఇంకో నాలుగేళ్లు వచ్చాడు. నేను ఉత్తి కాళ్లతో వెళ్లి, ముందుగా “నేనే మావయ్యా” అని, అప్పుడు డబ్బా ఇచ్చేదాన్ని. తర్వాత ఆశ్రమం వాళ్లు రసీదు పుస్తకాలు అచ్చు వేయించి, డబ్బాలు వెనక్కి తీసుకున్నారు.

మా ఇంట్లో ఇప్పుడు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి పక్కన పెట్టడం లేదు.